బ్యాగు వద్దు, కార్టు కొందాం

ఆగస్టు 3, ఆదివారం

బ్యాగు పట్టీ తెగింది. పదకొండో బుట్ట దగ్గర, నా భుజం మీద ఉండగానే. డిస్కులన్నీ బురదలో దొర్లాయి. తమ్ముడు వెనక్కి తిరిగి, డిస్కులకేం కాలేదు కదా అక్కా అన్నాడు. భుజం సంగతి అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెప్పేదాన్ని? కందిపోయిందిరా అని వాడి ముందు మూలగనా? ఏం కాలేదన్నాను. డిస్కులు ఏరి, తుడిచి, గొడుగు తిరగేసి అందులో వేసుకుని ఆట అయ్యేదాకా మోశాను.

కొత్త బ్యాగు కొనాలి.

ఆగస్టు 4

నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపుకి కళ్ళు చూపించుకోవడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. నా మెడ దగ్గర కమిలిన గీత చూసి ఏమైందమ్మా అన్నాడు. డిస్క్ గోల్ఫ్ అన్నాను. అదేంటన్నాడు. ఎప్పుడూ ఉండే గోలే ఇది. గోల్ఫ్ లాంటిదే సార్, కర్రా బంతీ ఉండవు, ప్లాస్టిక్ పళ్ళేలు విసరాలి, చెట్ల మధ్య గొలుసులు వేలాడే ఇనుప బుట్టలు ఉంటాయి, వాటిలో పడాలి, ఎంత తక్కువసార్లు విసిరితే అంత గొప్ప అని చెప్పాను. ఓహో, కుక్కకి విసురుతారు, అదేనా అన్నాడు. లెన్సులు మార్చి మార్చి, ఇది క్లియరా, ఇది క్లియరా అని ఆయన్ని కావాలనే చాలాసేపు కూర్చోబెట్టాను. పాపం, చివరికి ఏది క్లియరో ఆయనకే తెలియలేదు.

తమ్ముడు ఆడతాడు. నేను బ్యాగు మోస్తాను. బయటివాళ్ళకి అర్థం కానిది ఇదే. మోయడమంటే మోయడం ఒక్కటే కాదు. ఏ గాలికి ఏ డిస్కో చూసి చేతికందించాలి. ఒకప్పుడు ఆడింది నేనే. వాడికి విసరడం నేర్పిందీ నేనే. మోచెయ్యి పోయాక వాడి వెనకాల నడవడం మొదలుపెట్టాను. పెళ్ళి చేసుకోలేదేం అని అడిగేవాళ్ళకి ఆదివారాలు ఖాళీ లేవని చెప్తాను. నవ్వుతారు. నేను జోకు వేయలేదు.

ఆగస్టు 6

మరదలు పైకొచ్చింది. కింది వాటాలో వాళ్ళు, పైన ఒక గదీ వంటిల్లూ నాది. చేతిలో ఫోను, ఫోనులో కార్టుల బొమ్మలు. బ్యాగు వద్దు వదినా, కార్టు కొందాం అంది. చక్రాలుంటాయట. లాక్కుంటూ పోతే చాలట. మూత వేస్తే దాని మీద కూర్చోవచ్చట. మీరెందుకు వదినా అంత బరువు మోయడం, మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు పట్టుకుంటున్నారు, చూసేవాళ్ళకి కూడా బాగోదు అంది.

చూసేవాళ్ళకి బాగోదట. ఇన్నేళ్ళూ చూసినవాళ్ళందరూ గుడ్డివాళ్ళా?

తను ల్యాబులో రక్తం తీసే పని చేస్తుంది. మాట వెన్నలా ఉంటుంది. చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి, అయిపోయిందండీ అంటుంది. సూది ఎప్పుడు దిగిందో తెలియదు. ఇవాళ నాకూ అంతే. తను దిగి వెళ్ళిపోయాక, గిన్నెలు కడుగుతుంటే అప్పుడు తెలిసింది. కార్టుని ఎవరైనా లాగుతారు. ఆపిన చోట అదే నిలబడుతుంది. ఇంక నేనెందుకు?

ఆగస్టు 9, శనివారం

ముగ్గురం స్పోర్ట్స్ షాపుకి వెళ్ళాం. నేను తిన్నగా బ్యాగుల వైపు నడిచాను. వెడల్పు పట్టీలు, నడుముకి బెల్టు, పైన పటర్లకి, అంటే దగ్గర్నుంచి బుట్టలో వేసే డిస్కులకి, వేరే అర, కింద పెడితే బోర్లా పడకుండా బుల్లి కాళ్ళు. వీపుకి తగిలించుకుని అటూ ఇటూ నడిచి చూపించాను. తమ్ముడు చూడలేదు. కార్టు మూత మీద కూర్చుని ఊగుతున్నాడు.

ఒక్కో కార్టుకీ ఒక్కో వంక పెట్టాను. దీని చక్రాలు చిన్నవి, గులకరాళ్ళలో దిగబడతాయి. దానివి పెద్దవి, కారు డిక్కీలో పట్టవు. ఇది కిర్రుమంటోంది, పక్కవాడు విసిరేటప్పుడు కిర్రుమంటే కొట్టుకుంటారు. అది మడవడానికి ఇంజినీరు రావాలి. షాపువాడు చేతులు కట్టుకుని వింటూ, మేడమ్ గారికి ఏ సంబంధమూ నచ్చేట్టు లేదండీ అన్నాడు. నవ్వారు. తమ్ముడు అందరికంటే గట్టిగా నవ్వాడు. మరదలు నవ్వలేదు. నా వైపు జాలిగా చూసింది. నవ్వినా బాగుండేది.

చివరికి నల్ల కార్టు ఒకటి కొన్నారు. ఎడమ చక్రం దగ్గర ఎర్ర బ్రేకు. కాలితో తొక్కితే పడుతుంది, బొటనవేలితో పైకి లేపితే వదులుతుంది. పార్కింగులోనే తమ్ముడు డ్యూటీలు పంచేశాడు. లాగడం తనది. ఆపి బ్రేకు వేయడం భార్యది. అక్క గొడుగు పట్టుకుంటుంది అన్నాడు.

ఆగస్టు 10

గొడుగు పట్టుకున్నాను.

ఆగస్టు 24, ఆదివారం

కార్టు ఎక్కడా దిగబడటం లేదు. ఒళ్ళు మండిపోతోంది.

తమ్ముడు ఇప్పుడు డిస్కు తనే తీసుకుంటున్నాడు. బ్యాగు నా వీపున ఉన్నప్పుడు, ఏది విసరమంటావక్కా అని చెయ్యి చాపేవాడు. ఆరో బుట్ట దగ్గర ఎడమ గాలి లేచింది, బరువుది తియ్యరా అన్నాను. అప్పటికే విసిరేశాడు. బాగా పడింది కూడా. ఏమన్నావక్కా అన్నాడు. ఏం లేదన్నాను.

మరదలికి ఆ బ్రేకు పిచ్చి పట్టుకుంది. కార్టు ఆగగానే తొక్కుతుంది, మూత మీద ఒక దెబ్బ వేస్తుంది, పడింది అంటుంది. ప్రతి బుట్ట దగ్గరా ఇదే వరస. తర్వాత నా వైపు తిరిగి, కూర్చోండి వదినా అంటుంది. రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి కూర్చున్నాను. మోకాళ్ళకి హాయిగా ఉంది. ఆ హాయిని తిట్టుకుంటూ కూర్చున్నాను.

సెప్టెంబర్ 13

మరదలు బట్టలు ఆరేయడానికి వచ్చి ఓ మాట చెవిన వేసింది. పిల్లల గురించి ఆలోచిస్తున్నారట. అక్టోబరు పోటీ అయిపోతే ఇక ఆగరట. మీకే ముందు చెప్తున్నాను వదినా అంది. ముఖం వెలిగిపోతోంది.

పోటీలో మొదటి ముగ్గురికి జాతీయ టీములో చోటు. తమ్ముడు ఎప్పుడూ లేనంత బాగా ఆడుతున్నాడు. అందరూ కార్టు మహిమ అంటున్నారు. భుజాలు అలిసిపోవట్లేదు కదా అంటున్నారు. వాడి భుజాలు ఎప్పుడు మోశాయని అలిసిపోవడానికి? ఈ మాట ఎవరికీ తట్టదు.

అక్టోబర్ 18

రేపే. టీ షర్టులు కొత్తవి కొన్నారు, ఇద్దరికీ ఒకే రంగు. ఆ రంగులో నా సైజు దొరకలేదట.

అక్టోబర్ 19, ఆదివారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు గుర్తుంది. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

పదమూడు బుట్టలయ్యేసరికి తమ్ముడు రెండో స్థానంలో ఉన్నాడు. పద్నాలుగోదానికి దిబ్బ మీద నుంచి విసరాలి. ఎడమ వైపు అంతా వాలు, వాలు కింద చెరువు. మరదలు కార్టు ఆపింది. బ్రేకు తొక్కింది, మూత మీద కొట్టింది, పడింది అంది. విన్నాను. పడటం చూశాను కూడా. తర్వాత, డిస్కు ఎక్కడ పడేదీ కనిపెట్టడానికి తను దిబ్బ దిగి చెట్ల వైపు వెళ్ళిపోయింది.

ముందు గ్రూపు ఇంకా ఆడుతోంది. ఆగాల్సి వచ్చింది. కార్టు ఎండలో ఉంది. ఎండకి డిస్కులు మెత్తబడతాయని తమ్ముడికి భయం. బొటనవేలితో బ్రేకు లేపాడు. కార్టుని నా గొడుగు నీడలోకి లాగాడు. టవలు తీసి చేతులు తుడుచుకున్నాడు. దూరం పోయే డిస్కు ఒకటి ఎంచుకుని ముందుకు వెళ్ళిపోయాడు. బ్రేకు మళ్ళీ తొక్కలేదు.

రేయ్, బ్రేకు అని నోటిదాకా వచ్చింది. ఎవరైనా విసరబోయేటప్పుడు మాట్లాడకూడదు, కదలకూడదు, అది ఈ ఆటలో మర్యాద. ఆ మర్యాద నా నోరు నొక్కేసిందని ఇక్కడ రాసుకోవచ్చు. రాయను. వాడు విసరడానికి ఇంకా చాలా టైముంది. మూడుసార్లు చేతులు తుడుచుకున్నాడు.

డిస్కు వాడి చెయ్యి వదిలింది. అదే సమయానికి చక్రం కదిలింది. ఏ తొందరా లేనట్టు కదిలింది. నా పక్కనుంచే వెళ్ళాలి. కాలు అడ్డం పెడితే ఆగిపోయేది. నా కాలు దాని దారిలోనే ఉంది. వెనక్కి తీసుకున్నాను.

వాలు మధ్యకి వచ్చాక ఊపందుకుంది. ఏదో రాయి తగిలి ఎగిరింది, పల్టీ కొట్టింది, మూత ఊడింది, చెరువులో పడింది. కొన్ని డిస్కులు తేలే రకం ఉంటాయి. వాడివన్నీ మునిగే రకం.

తమ్ముడు వెనక్కి తిరిగి ముందు అరిచింది పెళ్ళాం పేరు. బ్రేకు నీ డ్యూటీ కదే, ఒక్క పని, నీకిచ్చింది ఒక్కటే ఒక్క పని అని అందరూ వినేలా అరిచాడు. తను పరిగెత్తుకుంటూ పైకొచ్చింది. వేశానండీ, వేసిన గుర్తే అంది. వేస్తే ఎలా పోయింది, దానికేమన్నా కాళ్ళొచ్చాయా అన్నాడు. తన చేత్తో తను లేపిన సంగతి వాడికి గుర్తు లేదు. నటన కాదు. వాడి ముఖం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నిజంగానే గుర్తు లేదు.

నువ్వైనా ఆపలేదేం అక్కా అన్నాడు. చూసేసరికే వెళ్ళిపోయిందిరా అన్నాను. మరదలు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి డిస్కుల కోసం చేతులతో దేవుతోంది. అక్కడి నుంచే, వదిన ఆ మోకాళ్ళతో ఎక్కడ పరిగెడతారండీ, ఆవిణ్ణి అనకండి అంది.

మిగతా ఆట పక్కవాళ్ళిచ్చిన డిస్కులతో ఆడాడు. ఎరువు చెప్పులేసుకుని పరుగు పందేనికి వెళ్ళినట్టుంది. ఆరో స్థానం.

అక్టోబర్ 20

కింద నుంచి వాడి గొంతు పొద్దున్నే మొదలైంది. మధ్యమధ్య మరదలు గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

షాపుకి బయల్దేరుతుంటే మెట్ల మీద ఎదురైంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. భుజం మీద చెయ్యి వేశాను. ఎవరికైనా జరుగుతుందమ్మా, మనసు ఒక్కోసారి చేయని పని చేసేసినట్టు చూపిస్తుంది, నీ తప్పేం లేదు అన్నాను. ఆలోచించే అన్నాను. మాటలన్నీ ఓదార్పే. వింటే మాత్రం బ్రేకు వేయలేదనే అర్థం. అంటే నిజంగా వేయలేదేమో వదినా అంది. ఏమోనమ్మా అన్నాను.

బస్సులో కిటికీ సీటు దొరికింది.

అక్టోబర్ 26, ఆదివారం

ఆట లేదు. కార్టుని చెరువులోంచి తీయించి తుక్కుకి వేశారు. దాని మాట ఎత్తితే తమ్ముడు గయ్యిమంటున్నాడు.

ఒక్కదాన్నే స్పోర్ట్స్ షాపుకి వెళ్ళాను. ఆ వెడల్పు పట్టీల బ్యాగు ఇంకా ఉంది. షాపువాడు నన్ను గుర్తుపట్టి నీళ్ళు నమిలాడు. పట్టీలు నా భుజాలకి సరిపోయేట్టు బిగించి చూసుకున్నాను. నడుము బెల్టు కూడా. అద్దంలో చూసుకుంటే పదేళ్ళు తగ్గినట్టు కనిపించాను. ఎవరికీ ఇవ్వకండి, మావాణ్ణి తీసుకొస్తాను అని చెప్పి వచ్చాను. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

నవంబర్ 2

మరదలు ల్యాబు నుంచి ఆలస్యంగా వస్తోంది. ట్యూబుకి లేబుల్ అంటిస్తుందట, పక్కన పెడుతుందట, అంటించానా అని మళ్ళీ తీసి చూస్తుందట. ఒక పేషెంటు దగ్గరికి మళ్ళీ వెళ్ళి, మీ పేరు ఇదేనా, ఇందాక మీకే తీశానా అని అడిగిందట. ఆయన గొడవ చేశాడట. ఇదంతా నాకెందుకు చెప్తుందో. ఇంకెవరూ లేరట చెప్పుకోవడానికి.

ఇంట్లో కూడా అంతే. గ్యాసు కట్టేసి, వీధి చివరిదాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొస్తుంది. పై నుంచి చూస్తూ ఉంటాను.

నవంబర్ 9, ఆదివారం

ఇవాళ వాణ్ణి స్పోర్ట్స్ షాపుకి తీసుకెళ్దామని పొద్దున్నే స్నానం చేసి దిగాను. తమ్ముడు అప్పటికే షూ వేసుకుని ఉన్నాడు. భుజాన చిన్న సంచి. పట్టుమని పది డిస్కులు పడతాయి, అంతే. నిన్ననే కొన్నాడట.

అదేంట్రా, మిగతావి ఎవరు మోస్తారు అన్నాను. మిగతావి అక్కర్లేదన్నాడు. పది చాలట. తన వస్తువులు తనే మోసుకుంటాడట. మీ ఇద్దరినీ నమ్ముకుని మునిగింది చాలు అన్నాడు. నేనేం చేశాన్రా అన్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది. నీకు విసరడం నేర్పింది ఎవరు, ఇన్నేళ్ళు గాడిదలా మోసింది ఎవరు అని వీధిలో అందరూ వినేలా అడిగాను.

వాడు జిప్పు లాక్కుంటూ చాలా మామూలుగా చెప్పాడు. నిన్ను మానిపించేద్దామని పోయినేడే అనుకున్నాను అన్నాడు. ప్రతిదానికీ వెనక నుంచి చెప్తుంటే విసరలేకపోతున్నానని క్లబ్బులో అందరితో అన్నాడట. నీ మరదలే వద్దు వద్దని కాళ్ళావేళ్ళా పడింది, వదినకి ఆదివారాలు తప్ప ఇంకేముంది, మోకాళ్ళు పాడవుతున్నాయి కాబట్టి కార్టు కొందాం, ఆవిణ్ణి గొడుగు పట్టుకుని కూడా రానిద్దాం అని నన్ను ఒప్పించింది, ఆ కార్టు నీ కోసమే కొన్నాను, చూశావుగా ఎంత బాగా కలిసొచ్చిందో అన్నాడు.

వెళ్ళిపోయాడు. మరదలు తలుపు దగ్గర నిలబడి ఉంది. అంతా విన్నది. అవన్నీ కోపంలో అన్న మాటలు వదినా, పట్టించుకోకండి అంది.

నవంబర్ 10

పనికి వెళ్ళలేదు. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాను.

ముందు ఏడుపొచ్చింది. తర్వాత తమ్ముడి మీద కోపం వచ్చింది. అది ఎంతోసేపు నిలవలేదు. వాడెప్పుడూ అంతే, వాడికి వాడి డిస్కులు తప్ప మనుషులు కనపడరు. కోపం మెల్లగా మరదలి మీదకి తిరిగింది. వదినకి ఆదివారాలు తప్ప ఇంకేముంది అందట. ఎవరడిగారు? నిన్న కాక మొన్న వచ్చిన పిల్ల నా బతుకుని అంగుళాలతో కొలిచి, అయ్యో అనుకుని, నాకో సీటు కొని పెట్టిందా? నన్ను వెళ్ళగొట్టడానికి చూస్తోందనుకున్నప్పుడు తన మీద ఒకరకమైన గౌరవం ఉండేది. పోరు అనుకున్నాను. ఇన్నాళ్ళూ నన్ను దత్తత తీసుకుని పెంచుతోందా?

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ సిగ్గుకి మాత్రం తనే బాధ్యురాలు.

నవంబర్ 22

ల్యాబులో సెలవు పెట్టి ఇంటికి వెళ్ళమన్నారట. ఎన్నాళ్ళో చెప్పలేదట. తమ్ముడు అన్నం ముందు కూర్చుని, బ్రేకు వేయడం గుర్తుండని మనిషి చేతికి పసిబిడ్డని ఎలా ఇస్తాం అన్నాడట. అరవలేదట. నెమ్మదిగానే అన్నాడట. పెరుగు వేసుకుంటూ.

తను నా గదిలో నేల మీద కూర్చుని చెప్పింది ఇదంతా. కరెక్టే కదా వదినా, బండినే నిలబెట్టలేకపోయాను, పిల్లనేం పట్టుకుంటాను, పిల్లల సంగతి ఇక వద్దని చెప్పేశాను అంది. ఏడవడం లేదు. పక్కింటివాళ్ళ కబురు చెప్పినట్టు చెప్పింది.

ఒక్క వాక్యం చాలు. బ్రేకు నువ్వు వేశావు, వాడు తీశాడు. నాలుక కొన దాకా వచ్చింది. నిజంగానే వచ్చింది, ఇక్కడ అబద్ధం రాయను. అప్పుడే తను తలెత్తి, మీ మోకాళ్ళెలా ఉన్నాయి వదినా అని అడిగింది.

బాగున్నాయన్నాను.

నవంబర్ 23

కింద గడియ చప్పుడు. మళ్ళీ గడియ చప్పుడు. మళ్ళీ.

డిసెంబర్ 4

మరదలు అడిగేసింది. ఆ రోజు మీరు కార్టు పక్కనే ఉన్నారు కదా వదినా, నేను బ్రేకు వేశానా లేదా, ఒక్కసారి గుర్తు చేసుకుని చెప్పండి అంది.

చాలాసేపు ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాను. వేయలేదమ్మా అన్నాను.

ఏమీ అనుకోకండి వదినా, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను అంది. అనుకోనన్నాను.